కుడికాలు ముందు

మసీదులోకి ఎట్లా పోవాలో నా ముగ్గురు కొడుకులకు నేర్పింది నేనే. అప్పటికి నేను ఒక్క మసీదు గడప కూడా తొక్కలేదు.

మెట్‌పల్లిలో మా రెండు గదుల ఇంటి గడపనే మసీదు గడప అనుకొమ్మనేదాన్ని. ఒళ్లో బీడీల చాట, చేతిలో తునికాకు, కన్ను మాత్రం పిల్లల కాళ్ల మీద. చెప్పులు బయట విడవాలి. కుడికాలు ముందు పెట్టాలి. పెడుతూ "అల్లా, నీ దయ తలుపులు నాకు తెరువు" అనే దువా చదవాలి. లోపల గట్టిగా మాట్లాడొద్దు. కూర్చున్నవాళ్ల భుజాల మీదుగా దాటొద్దు, నమాజు చదివేవాళ్ల ముందు నుంచి నడవొద్దు. ఎడమకాలు ముందు పడిందో, చాట దించకుండానే వెనక్కి పంపేదాన్ని. చిన్నోడిని ఒకరోజు తొమ్మిదిసార్లు పంపాను. ఏడ్చాడు. ఏడ్చినా పంపాను.

ఇవన్నీ నాకు మా బాపు చెప్పినవి. ఆయన దూది ఏకే మనిషి. మా ఇంట్లో మాట తెలుగే. నాకప్పుడు అక్షరాలు రావు కాబట్టి చెవితో పట్టుకున్నాను. యాభై దాటినంక మా వాడకట్టు బీడీల ఆడవాళ్లతో కలిసి పలక పట్టాను. ముసలిదానికి పలకెందుకని నవ్వినవాళ్లు నవ్వారు. వాళ్లలో మా ఇంటాయన కూడా ఉన్నాడు. తర్వాత బస్సు బోర్డులు నాతోనే చదివించుకున్నాడు.

పోయిన చలికాలం మందమర్రిలో ఉన్న మా చెల్లె దగ్గరికి ఒక్కదాన్నే బయలుదేరాను. జగిత్యాల దాటి చాలా దూరం పోయాక బస్సు ఆగిపోయింది. ఊరి పేరు రాయను, అన్ని ఊర్లూ అంతే. ఇంకో బస్సు వస్తుందని కండక్టరమ్మ చెప్పింది. ఎప్పుడని అడిగితే రోడ్డు వైపు చూసింది. మంచిర్యాలలో దిగి సాయంత్రపు అసర్ నమాజు చదువుకుందామనుకున్నదాన్ని. చలికాలపు పొద్దు అప్పటికే పచ్చబడింది. అది మునిగితే నా నమాజు తప్పినట్టే.

ప్రయాణాల్లో నేను బస్టాండు గోడల వెనక చదివాను, పత్తిచేను గట్ల మీద చదివాను, ఒకసారి పెట్రోలు బంకు వెనక కూడా చదివాను. మగవాళ్లకు ఆ బాధ లేదు. బస్సు ఆగితే మసీదు వెతుక్కుని పోతారు, కాళ్లు కడుక్కుని నిమ్మళంగా వస్తారు. ఆరోజు రోడ్డుకు ఇవతల కల్లు దుకాణం, పక్కన మురికికాలువ. అవతల మసీదు. ఇంకెక్కడికి పోవాలి?

లోపల జమాత్, అంటే అందరూ కలిసి చదివే నమాజు, అయిపోయింది. అజాన్ ఇచ్చే మౌజన్ ఒక్కడే చాపలు చుడుతున్నాడు. నేను నల్లా దగ్గర కూర్చుని వజూ చేస్తున్నాను. ముఖం, చేతులు అయి కాళ్లు కడుగుతుంటే చూసి, వచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. నా చిన్నోడి ఈడు ఉంటుంది.

"ఆడోళ్లు లోపలికి రారాదమ్మా. ఇంట్ల సదువుకోవాలె."

"నా ఇల్లు మెట్‌పల్లిల ఉన్నది బిడ్డా. గాడికి పోయేదాంక పొద్దు ఆగుతదా?"

కమిటీవాళ్లు తనను అడుగుతారన్నాడు, తన కొలువు పోతుందన్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. తలుపు పక్కన గోడకు ఒక బోర్డు ఉంది, తెలుగులో. మసీదు మర్యాదలు. అక్షరం కింద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా బయటికే చదివాను. కుడికాలు, దువా, ఫోను బందు చేయడం, పచ్చి ఉల్లిగడ్డ తిని రాకపోవడం. నా చదువు నెమ్మది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. పొద్దుకే ఓపిక లేదు.

"ఆడది రావద్దని గిండ్ల యాడున్నది?"

"గది రాసేదేమున్నదమ్మా, అందరికి ఎర్కనే."

"రాసింది సదువుడే నాకు యాభై ఏండ్లకు వచ్చింది. రాయనిది సదువుడు ఇంక రాలే. జరుగు."

ఆయన జరగలేదు. నేను నడిచాను. పరాయి ఆడదాన్ని తాకరాదు కాబట్టి అప్పుడు జరిగాడు. ఆ మర్యాద నాకు పనికొచ్చింది.

లోపల అడుగు పెట్టాను. చల్లటి బండ కాలికి తగిలాక చూసుకుంటే అది ఎడమకాలు. ఏండ్లకేండ్లు గడప ముందు కూర్చుని పిల్లలను ఏడిపించినదాన్ని, నా వంతు వచ్చేసరికి కోపంలో ఎడమకాలు పెట్టాను. గిరుక్కున తిరిగి బయటికొచ్చాను.

మౌజన్ ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిదమ్మా. నా మాట ఇన్నవు."

"నీ మాట గాదు. మా బాపు మాట."

కుడికాలు ముందు పెట్టి, దువా చదివి, మళ్లీ లోపలికి పోయాను. ఈసారి ఆయన అడ్డం రాలేదు, సాయమూ చేయలేదు. చుట్టిన చాపల్లో ఒకటి నేనే తీసి వెనక మూల పరుచుకున్నాను. నిలబడి, వంగి, నేలకు నుదురు ఆనించే ఒక్కో వరస ఒక రకాతు; ప్రయాణంలో ఉన్నవాళ్లకు నాలుగు రకాతులు రెండవుతాయి. రెండూ తొందరపడకుండా చదివాను. నమాజు చివర సలాం చెప్పి తల తిప్పేసరికి కిటికీ మీద ఇంకా వేలెడంత ఎండ ఉంది. నా నమాజు పొద్దు ఉండంగనే అయింది.

చాప చుట్టి ఎక్కడిది అక్కడ పెట్టాను. మౌజన్ వాకిట్లో వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ఎవరికీ చెప్పొద్దని మెల్లగా అడిగాడు.

"నేనేమన్న దొంగతనం చేసిన్నా? చెప్త. ఇప్పుడు రాసుడు గూడ వచ్చు నాకు."

రోడ్డు మీద రెండో బస్సు హారను కొడుతున్నది. గడప దగ్గర ఆగి నా కాళ్లు చూసుకున్నాను. మసీదు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టాలి. పెట్టాను.