మా కచేరీ హాల్లో రసాయనశాల

మొన్న పొద్దున వరండాలో చాయ్ తాగుతుంటే ఫోను ఒక్కసారి మోగి ఊరుకుంది. చూస్తే మన విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల సంఘం పంపిన వార్తాపత్రిక. ఇదివరకు అది పోస్టులో, సగం తడిసి, నెల ఆలస్యంగా వచ్చేది. ఇప్పుడు వేలితో తోస్తే పేజీలు కదులుతున్నాయి. మన వయసు వాళ్లంతా చేసేదే నేనూ చేశాను. ముందు చివరి పేజీ తెరిచి, పోయినవాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు నెమ్మదిగా పదవుల పేజీకి వచ్చాను. ఒకరికి గనుల శాఖలో పెద్ద హోదా, ఇంకొకరి కూతురికి న్యాయాధికారి ఉద్యోగం, మన హాస్టల్ వార్డెన్‌గా ఉన్నాయనకు సన్మానం. వాటి కింద ఒక ఫొటో. నెరిసిన జుట్టు, మందపు కళ్లద్దాలు, పెదవి చివర అణచుకున్న నవ్వు. మన రసాయన శాస్త్ర విభాగానికి కొత్త అధిపతి అని రాసి ఉంది. ఆ నవ్వును నేను పేరు చదవకముందే గుర్తుపట్టాను. ఆమె మా సిరొంచ పక్కన బామ్ని ఊరి రైతుబిడ్డ. మా కళాశాల సైన్సు మొదటి జట్టులో నా విద్యార్థిని.

పత్రిక చివర, పాత విద్యార్థులు తమ విశేషాలు రాసి పంపాలని కోరారు. నాకు చెప్పుకోదగ్గ పదవి ఏదీ లేదు. ఒకే ఊళ్లో ఒకే కళాశాలలో పాఠాలు చెప్పి, అక్కడే రిటైరయ్యాను. కాబట్టి నా విశేషాలకు బదులు ఆ అమ్మాయి చదువు మా ఇంట్లో ఎట్లా మొదలైందో, ఎట్లా ఒక్క రోజులో ఆగిపోబోయిందో రాస్తాను.

మా ఇంటిని ఊళ్లో గడి అనేవాళ్లు. మా తాత కాలంలో ఎన్నో ఊళ్ల మీద మా మాట నడిచేది. నేను పుట్టేనాటికి మాట తగ్గింది, నేను చదువుకు వెళ్లేనాటికి భూమి కూడా పోయింది. కొంత చట్టం కింద, కొంత మా వాళ్ల దావాల కింద. అయినా నన్ను విశ్వవిద్యాలయానికి పంపేటప్పుడు మా నాయన సామాను మోయడానికి ఇద్దరు మనుషులను వెంట ఇచ్చాడు. వాగులు దాటి, బస్సులు మారి, చామోర్షిలో ఒక రాత్రి ఆగి మేం వెళ్లేసరికి హాస్టల్ గదిలో నా ఒక్కడికే మంచం దొరికింది, ఆ ఇద్దరూ మెట్ల కింద పడుకుని తెల్లారి వెనక్కి వచ్చారు. కంచం పట్టుకుని వరసలో నిలబడడం అక్కడే నేర్చుకున్నాను. మా సరిహద్దు ఊళ్లో ఇంటి మాట తెలుగే, అందుకని నా మరాఠీ విని తోటివాళ్లు నవ్వేవాళ్లు. మా రసాయన శాస్త్రం సారు మాత్రం ఒక్కనాడూ నవ్వలేదు. ఆయన ప్రయోగశాలలో ఎంత కఠినుడో బయట అంత మెత్తనివాడు. ఆయన దగ్గర చదివినవాళ్లు ఈ పత్రిక చదివేవారిలో ఇంకా ఉంటారు, వాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

చదువు ముగిసేసరికి మా నాయన పోయాడు. నేను తిరిగి వచ్చాను. అప్పుడే సిరొంచలో కళాశాల పెట్టారు, నన్ను పాఠాలు చెప్పమన్నారు. మా వంశంలో జీతానికి పనిచేసిన మొదటివాణ్ని నేనే. ప్రిన్సిపాల్ సాబు అహేరి మనిషి, బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. అన్నదమ్ములంతా దుకాణాల్లో కూర్చుంటే ఈయన ఒక్కడు చదువును పట్టుకున్నాడు. సైన్సు పెట్టాలని ఆయన పట్టుదల, కానీ ప్రయోగశాలకు చోటు లేదు. అప్పుడు అమ్మే పిలిచి మా కచేరీ ఇస్తానంది. కచేరీ అంటే మా పెద్దలు కూర్చుని ఊళ్ల తగవులు తీర్చిన పెద్ద హాలు. గబ్బిలాలు తప్ప ఎవరూ లేక పడి ఉంది. అమ్మ ఒక్క షరతు పెట్టింది.

"ఏమన్న జేసుకోండ్రి. చెప్పులు మాత్రం గడపకు అవుతలనే."

దాన్ని షరతు అని కూడా ఎవరూ అనుకోలేదు. ఆ హాల్లోకి చెప్పులతో వచ్చినవాళ్లు ఎన్నడూ లేరు. మా తాత రోజుల్లో గడి ముందు నుంచి పోయే మనిషి చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాడట. ఆ రోజులు పోయాయి, కానీ కాళ్లకు అలవాటు పోలేదు. కోమట్ల పిల్లలు, రైతుల పిల్లలు, అడవి ఊళ్ల నుంచి గోండి మాట్లాడుతూ వచ్చిన పిల్లలు, ప్రిన్సిపాల్ సాబుతో సహా అందరూ వరండాలో చెప్పులు వదిలి లోపలికి వచ్చేవాళ్లు. నేనూ అంతే.

ఆ ఏడు వానలు తగ్గాక విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ సంఘం వచ్చింది. వాళ్లు అనుమతి ఇస్తేనే సైన్సు పిల్లలు పరీక్షకు కూర్చుంటారు, లేకపోతే ఏడాది పోయినట్టే. చాలామందిని ఇంట్లో మళ్లీ పంపరు. బామ్ని అమ్మాయి తండ్రి నాతో ముందే తేల్చి చెప్పాడు, "ఈ ఒక్క యేడు జూస్తం దొరా. గిది గూడ పోయిందంటె ఇగ పిల్ల పొలం పనికే" అని.

సంఘానికి అధ్యక్షుడిగా వచ్చింది ఎవరో కాదు, మా సారే. జీపు దిగి, వరండాలో వరసగా ఉన్న చెప్పులు చూసి తన బూట్లు కూడా విప్పి పక్కన పెట్టారు. ప్రయోగశాలను ఇంత శుభ్రంగా పెట్టుకున్నారా అని మెచ్చుకున్నారు. ప్రిన్సిపాల్ సాబు గర్వంగా నా వంక చూశాడు. తక్కెడలు చూశారు, గాజు సామాను చూశారు, మందుల సీసాల మీద చీటీలు చూశారు. అన్నీ బాగున్నాయి. ఇక పిల్లలతో ఒక ప్రయోగం చేయించమన్నారు.

బామ్ని అమ్మాయి బ్యూరెట్టు నింపుతుంటే ఆమ్లం తొణికి పాదం మీద పడింది. ఆమె అరవలేదు. చేతిలోని గాజు సామాను భద్రంగా కింద పెట్టి, కుంటుతూ పోయి నీళ్ల బకెట్టులో కాలు పెట్టింది. మా సారు అప్పుడు మొదటిసారి కిందికి చూశారు. ముందు ఆమె కాళ్లు, తరువాత అందరి కాళ్లు, చివరికి తన కాళ్లు. ఇదేమిటని మరాఠీలో అడిగారు. ఇది మా ఇంటి ఆచారమని చెప్పాను. ఆ నిశ్శబ్దంలో ఆ అమ్మాయి పక్కనున్న దానితో మెల్లగా అన్నాననుకుని అన్నది అందరికీ వినపడింది.

"యాసిడ్‌కు గడి మర్యాద తెల్వదు గదనే!"

పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. ఏమంటోందని సారు నన్ను అడిగారు. ఒకరి మాటను మార్చి చెప్పడం మా ఇంట్లో లేదు కనుక ఉన్నదున్నట్టు మరాఠీలో చెప్పాను. సారు నవ్వలేదు. పాదం మూసే బూట్లు లేనిదే ప్రయోగశాలకు అనుమతి లేదన్నారు. మర్నాడు పొద్దున వెళ్లేలోగా ఆ ఏర్పాటు చూపిస్తే సంతకం పెడతానని, నేను తన దగ్గర చదివానన్న మొహమాటంతో పిల్లల కాళ్లు కాలనివ్వలేనని చెప్పి బసకు వెళ్లిపోయారు.

ప్రిన్సిపాల్ సాబు వరండా మెట్ల మీద కూలబడ్డాడు. "తరాజులు దెచ్చినం, సీసాలు దెచ్చినం, గ్యాసు పొయ్యిలు దెచ్చినం. కాళ్లు మర్శినం బాబూ! జర నువ్వే అమ్మగారిని అడుగు" అన్నాడు. మాట ఇచ్చి హాలు తీసుకున్నాం, నేనడగనన్నాను. కావాలంటే రాత్రికి రాత్రి సామానంతా బండ్ల కొట్టంలోకి మారుద్దామన్నాను. ఆయన అంత పరేషాన్‌లోనూ నవ్వాడు. "కొట్టంల పెడితె మీ సారు ఎడ్లకు డిగ్రీలు ఇచ్చి పోతడు."

మేమిద్దరం అట్లా ఎవరడగాలని తర్కించుకుంటుండగానే ఆ అమ్మాయి వెనక గుమ్మం నుంచి నేరుగా అమ్మ దగ్గరికి పోయింది, కాలికి మందేమైనా ఉందేమోనని. నేను వెళ్లేసరికి అమ్మ చింతపండు పక్కకు జరిపి, ఆమె పాదం పీట మీద పెట్టించి కలబంద గుజ్జు రాస్తోంది.

"చెప్పులు ఏసుకుంటె కాలకపోతుండె గద?"

"ఏసుకుంటె మీరు కాలేజి బంద్ జేత్తరట గద, దొర్సానీ."

"ఎవలన్నరు?"

"అందరంటరు. మీరన్నరో లేదో నాకైతె తెల్వది."

అమ్మ గుడ్డ చింపి కట్టు కట్టింది, అన్నం పెట్టింది, పంపించింది. దీపాలు పెట్టే వేళకు నన్ను పిలిచి, "మీ నాయిన ఉంటె ఏమనేటోడు?" అని అడిగింది. ఒప్పుకునేవాడు కాదన్నాను. అది నిజం. "ఆయన లేడు గద" అని మాత్రం అని లేచి వెళ్లింది. అందులో ఏం నిశ్చయించుకుందో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున కచేరీలో కిటికీలు తెరుస్తుంటే లోపలి గుమ్మం దిక్కు నుంచి ఒక చప్పుడు వినపడింది. ఆ రాళ్ల మీద చెప్పుల చప్పుడు వినడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అమ్మ నడిచి వస్తోంది, బండి ఎక్కి ఊరికి పోయేటప్పుడు తప్ప తొడగని తోలు చెప్పులతో. మా పాత నౌకరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ హాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి, గడప దగ్గర ఆగింది.

వరండాలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. అమ్మ ఒప్పుకుంటుందో లేదో తెలియకుండానే ప్రిన్సిపాల్ సాబు తెల్లవారగానే తన బావమరిది దుకాణం తెరిపించి అందరికీ గుడ్డ బూట్లు ఇప్పించాడు. ఆ కొత్త బూట్లను ఒక్కరూ తొడుక్కోలేదు. అందరూ చేతుల్లో పట్టుకుని ఉన్నారు.

"చేతులకెందుకురా, కాళ్లకు తొడుగుండ్రి" అంది అమ్మ.

ఎవరూ కదలలేదు.

"ఏంది, నేను సచ్చినంక వస్తరా?"

అప్పుడు బామ్ని అమ్మాయి మా గడప మీద కూర్చుంది. ఒక కాలికి బూటు తొడిగి లేసు బిగించింది. కట్టు ఉన్న కాలికి నెమ్మదిగా, పళ్లు కరుచుకుని తొడిగింది. లేచి అమ్మ పక్కనుంచి లోపలికి వచ్చి తన బల్ల దగ్గర నిలబడింది. ఆ తరువాత ఒక్కొక్కరూ వచ్చారు. మా సారు వచ్చేసరికి హాలంతా బూట్ల చప్పుడు. ఈసారి ఆయన తన బూట్లు విప్పలేదు. సంతకం పెట్టి, అమ్మకు వంగి దండం పెట్టారు. "మా పిల్లలను జర మంచిగ జూడుండ్రి" అంది అమ్మ. ఆ మాట కూడా ఉన్నదున్నట్టే ఆయనకు చెప్పాను.

ఆ అమ్మాయి ఆ ఏడు పరీక్షకు కూర్చుంది. తరువాత మన విభాగంలోనే, మా సారు దగ్గరే పైచదువు చదివింది. ఆమె ఎం.ఎస్సీ. ప్యాసైన సంగతి విన్నాకే అమ్మ కన్నుమూసింది. మా ఇంటి నుంచి ఆ విభాగానికి వెళ్లినవాణ్ని నేను. అధిపతి కుర్చీలో కూర్చున్నది ఆమె. మా పెద్దల గౌరవాన్ని తక్కువ చేసి మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా వాళ్లు ఆ హాల్లో చెప్పిన ఏ తీర్పుకన్నా అమ్మ ఆ పొద్దున నడిచిన నడకే ఎక్కువ కాలం నిలిచిందని ఈ ఫొటో చూశాక గట్టిగా అనిపించింది.

ఇప్పుడు కళాశాలకు సొంత మేడలున్నాయి. నదుల మీద వంతెనలు పడ్డాయి. పాతగూడెం దగ్గర ఇంద్రావతి దాటి అవతలి రాష్ట్రం పిల్లలు కూడా మోటారు సైకిళ్ల మీద వచ్చి చదువుకుంటున్నారు. కచేరీ మళ్లీ ఖాళీగా ఉంది. ఆ గ్యాసు వాసన, గాజు గలగల, పిల్లల గోల అప్పట్లో నాకు తలనొప్పి తెచ్చేవి. ఇవాళ మధ్యాహ్నం పూట వాటి కోసమే చెవి అటు పోతుంది.

నిన్న బస్టాండులో ఆటో ఎక్కి ఎప్పటిలాగే మా తాత పేరు చెప్పి, ఆయన గడికి పొమ్మన్నాను. ఆటో నడిపే పిల్లవాడు తెల్ల మొహం వేశాడు. మా నాయన పేరు చెప్పాను. అదీ తెలియదు. పక్కన కూరగాయలమ్మే ఆమె, "ల్యాబు ఇల్లురా, ముందుగాల పిల్లలు చదువుకున్నది" అంది. "గట్ల జెప్పరాదు బాపూ!" అని వాడు బండి తిప్పాడు. అంత పెద్ద పేరు ఇట్లా అయిందని మనసు కాసేపు చివుక్కుమన్న మాట నిజమే. మా వీధి మలుపు వచ్చేసరికి ఎటని అడిగాడు. ఎడమకు తిప్పు, ఆ కనపడేదే ల్యాబు ఇల్లు, మాదే, అని చెప్పాను.