కుడివైపు నుంచి

మా మామయ్యను లాయంలో అందరూ నత్త అనేవారు. ముందు గొంతు వినిపించి, తర్వాత భుజం మీద చెయ్యి వేసి, గుర్రం ఊపిరి నెమ్మదించాకే కళ్లెం వేసేవాడు. డబ్బున్నవాళ్లు స్వారీ నేర్చుకునే లాయం అది. నేనక్కడ లద్దె ఎత్తేవాణ్ణి.

ఆ ఏడు వచ్చిన ఆడగుర్రానికి కారం అని పేరు పడింది. జీను వెయ్యబోతే కరిచేది, ఎక్కబోతే తన్నేది. చలికాలంలో కొత్తవాళ్లు వచ్చి చేరేలోపు అది దారికి రాకపోతే కబేళాకు పంపేస్తానన్నాడు యజమాని.

మామయ్య దాని ముందు బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. ఊరికే చూస్తూ ఉండేవాడు.

"రెండు తగిలిస్తే అదే దార్లోకొస్తుంది కదా మామయ్యా?"

"మీ నాన్న నీకు తగిలించాడుగా. వచ్చావా?"

నేను లద్దె గంప ఎత్తుకున్నాను.

ఒకరోజు దాని ఎడమకంటి ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదల్లేదు. కన్ను చూడడానికి నిగనిగలాడుతూనే ఉంది, చూపు మాత్రం లేదు. జీనైనా, కళ్లెమైనా, ఎక్కడమైనా ఎడమవైపు నుంచే అన్నది లాయాల్లో తాతల నాటి పద్ధతి. అందరూ దాని చీకటివైపు నుంచే మీద పడుతున్నారు.

"చీకట్లో ఎవడో మీద చెయ్యేస్తే నువ్వు కరవవూ?" అన్నాడు.

ఆ రోజు నుంచి కుడివైపు నుంచి వెళ్లాడు. అయినా ఒకసారి ఆయన భుజం మీద కండ ఊడేలా కరిచింది. ఆయన అరవలేదు, కొట్టలేదు. మర్నాడు కట్టుతోనే మళ్లీ వెళ్లాడు. "నిన్నటి కాటు నిన్నటితో సరి, ఏం తల్లీ?" అన్నాడు దానితో.

గాయం కడుగుతూ అత్తయ్య, "ఈ ఓపికలో పావువంతు నా మీద చూపించుంటే నేనూ కరిచేదాన్ని కాదు" అంది.

చలి మొదలయ్యేసరికి కారం జీను వేయించుకుంది. యజమాని ముందే మామయ్య దానిమీద ఆవరణంతా తిరిగొచ్చాడు.

"భేష్! ఇప్పుడు ఎడమ నుంచి ఎక్కు."

మామయ్యకు అబద్ధం చేతకాదు. "అటు కన్ను లేదయ్యగారూ. కుడి నుంచైతే పసిపిల్ల ఎక్కినా కదలదు."

యజమాని ముఖం మాడింది. "ఇన్నాళ్లూ గుడ్డి గుర్రానికి పళ్లు తోమావన్నమాట! దీనొక్కదాని కోసం వచ్చినోళ్లందరికీ కుడి నుంచి ఎక్కడం నేర్పాలా?"

పొగరనుకున్నంతకాలం మానుతుందేమోనని ఆగాడు. కన్ను లేదని తెలిశాక ఆగలేదు. మర్నాడే కబేళా లారీ వచ్చింది.

కూలీలు ఎడమవైపు నుంచి లాగారు. ఒకణ్ణి తన్ని పడేసింది. కర్రలు లేచాయి.

"నత్తను పిలవండ్రా" అన్నాడు యజమాని.

"వెళ్లకు మామయ్యా" అన్నాను.

"నేను వెళ్లకపోతే కొట్టి ఎక్కిస్తారు."

మామయ్య కుడివైపు నిలబడి దానితో ఏదో చెప్పాడు. భుజం మీద చెయ్యి వేశాడు. కారం లారీకి ఆనించిన చెక్కమీద ఒక కాలు పెట్టి ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. మామయ్య తొందరపెట్టలేదు. కాసేపటికి అదే ఆయన వెంట లోపలికి నడిచింది.

తలుపు మూస్తూ డ్రైవర్, "ఇంత నెమ్మదైనదాన్ని ఎందుకు అమ్మేస్తున్నారు పెద్దాయనా?" అన్నాడు.

మామయ్య చేతిలోని తాడు చుట్టి అతనికిచ్చాడు.

"దించేటప్పుడు కుడివైపు నుంచి వెళ్లండి" అన్నాడు.