తనంతట మూసుకున్న తలుపు

జనగామ పక్కన ఒక పత్తి మిల్లులో కంచరి రాజలింగం మరమ్మతులు చేసేవాడు. మిషన్ల కాడ లేచే దూది నూగును పెద్ద పంకా లాగి, ఇనుప గొట్టంలోంచి అవతలి కొట్టంలోకి తోసేది. ఒకసారి నిప్పురవ్వ ఆ గొట్టం వెంటే పోయి కొట్టాన్ని బుగ్గి చేసింది.

"నిప్పుకు మనమే బాట వేసినం," అని రాజలింగం చాన్నాళ్లు మథనపడ్డాడు.

చివరికి గొట్టం మధ్యలో బరువైన ఇనుప తలుపును కొక్కెంతో పైకి పట్టి ఉంచాడు. వేడికి కొక్కెం అతుకు కరిగితే తలుపు పడి దారి మూసెయ్యాలి. మొదట మైనంతో అతికితే ఎండకే కరిగి పడింది. అందరూ నవ్వారు. అప్పుడాయన బిందెలకు మాటు వేసినట్టే సీసం, తగరం కలిపి అతికాడు. అది ఎండకు నిలిచింది.

మరుసటేడు నిజాం రజాకార్లు తమ ఊరు తగలబెడితే పారిపోయి వచ్చిన ముప్పై మంది, మళ్లీ కట్టిన ఆ కొట్టంలోనే తలదాచుకున్నారు. ఒక పొద్దున మిషన్ కాడ భగ్గున మంట లేచింది. రాజలింగం కొట్టం దిక్కు ఉరుకుతుంటే గొట్టంలో ధన్‌మని చప్పుడైంది. లోపలికి పోయి చూస్తే పొగ వాసన కూడా లేదు. గట్టమ్మ అనే ముసలామె పిల్లకు గంజి తాపుతోంది.

"ఏంది నాయినా, గట్ల ఉరికొచ్చినవ్?"

"అవతల అంటుకున్నదవ్వా. నిప్పు ఇటు రాకుండ తలుపు పడ్డది."

"ఎవ్వలు మూసిండ్రు?"

"ఎవ్వలు మూయలే. అదే మూసుకున్నది."

గట్టమ్మ లేచి గొట్టాన్ని ముట్టి కళ్లకద్దుకుంది. చేసింది తానే అయినా, రాజలింగం కూడా ముట్టి కళ్లకద్దుకున్నాడు.