కార్డు పెట్టొచ్చా, అన్సారన్నా?

అన్సారన్న ఉద్యోగం పోయింది అతను వద్దన్న పని వల్లే. ఎర్రగుంట్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో తొమ్మిదేళ్లు కంప్యూటర్ ల్యాబ్ చూసుకున్నాడు. తనిఖీకి పెద్దలు వస్తున్నారని కరస్పాండెంటు ఒక గ్రాఫిక్స్ కార్డు తెప్పించి, పాత కంప్యూటర్లో బిగించమన్నాడు.

"సార్, దీంట్లో ఉండే పవర్ సప్లై ఈ కార్డును మోయలేదు" అని అన్సారన్న రెండుసార్లు చెప్పాడు.

"నాకే చెప్తాండావా? పెట్టు" అన్నాడు ఆయన.

పెట్టాడు. పావుగంటకు పొగ వచ్చింది, సరిగ్గా తనిఖీవాళ్ల ముందే. సాయంత్రానికల్లా అన్సారన్నకు పని రాదని తేల్చి ఇంటికి పంపారు. అతను వద్దన్న సంగతి అక్కడున్న ఇద్దరు లెక్చరర్లకు తెలుసు. ఇద్దరికీ పీజీలున్నాయి, నోళ్లే లేవు.

ఆ తర్వాత మైదుకూరులో దుకాణం పెట్టాడు. ముందు సగంలో భార్య సమీరా జాకెట్లు కుడుతుంది, వెనక సగంలో అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు. పనిమంతుడే. కానీ గ్రాఫిక్స్ కార్డు అంటే మాత్రం పెట్టడు. ఏదో ఒక వంక చెబుతాడు. జనం విసుక్కుని ప్రొద్దుటూరు పోయి పెట్టించుకుంటారు.

అక్కడ ఇస్తే వారం పడుతుంది, మాకంత టైం లేదు. మా చెల్లెలు సాహితి ఇళ్ల నమూనాలు కంప్యూటర్లో గీస్తుంది. బెంగళూరు కంపెనీ ఒకటి, సోమవారంలోగా ఒక ఇల్లు లోపలా బయటా తిప్పి చూపిస్తే ఇంటినుంచే పని ఇస్తామంది. మా కంప్యూటరు సాహితి పదో తరగతిలో ఉన్నప్పుడు కొన్నది. ఇల్లు తిప్పగానే బిగుసుకుపోతోంది. ఇది పెడితే ఆగదని సాహితి స్నేహితురాలు శిల్ప తన దగ్గరున్న గ్రాఫిక్స్ కార్డు ఇచ్చింది. అది మా ముసలి కంప్యూటరుకు సరిపోతుందా లేదా అన్నదే ప్రశ్న. గురువారం పొద్దున పెట్టెను బైకు మీద పెట్టుకుని ఇద్దరం అతని దగ్గరికి పోయాం.

మూత తీయగానే అన్సారన్న తుమ్మాడు. "ఇది కంప్యూటరా, చెనిక్కాయల చేనా?"

దుమ్మంతా ఊది, లోపల కార్డు కూర్చునే గాడి ఉందని చూసుకున్నాడు. తర్వాత సమీరా మెడలోని టేపు లాగాడు.

"అది జాకెట్లకు" అంది ఆమె.

"కార్డుకు గూడా కొలతలుంటాయి లే."

కార్డుకు హార్డ్ డిస్క్ అరంగుళం అడ్డమొచ్చింది. దాన్ని ఊడదీసి కింది అరలోకి మార్చాడు. ఆ తర్వాత చేసిన పని నేనెక్కడా చూడలేదు. పవర్ సప్లై డబ్బా విప్పి, పక్కనున్న పసుపు వ్యాపారి రంగస్వామి కొట్టుకు పోయి, తక్కెడలో పెట్టాడు.

"ఏం భాయ్, క్వింటాలు ఎంతకిస్తావు?" అన్నాడు రంగస్వామి.

"తొమ్మిదొందల గ్రాములు" అన్నాడు అన్సారన్న మావైపు తిరిగి. "మంచిదయితే కిలోన్నర తూగాల. లోపల పెట్టాల్సిన సరుకు మిగుల్చుకున్యారు. మీద ఐదొందల వాట్లని చీటీ అతికిస్తే కరెంటు దాన్ని చదువుకోని వస్తాదా?"

నాకు ఒళ్లు మండింది. "అంటే కుదరదంటావు. ఊర్లో అనేది నిజమేన్నా, నీకు భయం."

అతను డబ్బా చంకన పెట్టుకుని దుకాణంలోకి వచ్చేశాడు. కుట్టుమిషను ఆపకుండా సమీరానే అంది: "ఉండాది అబ్బీ, భయం. కాలేజీలో ఆ పొద్దు భయపడినోడు ఈయనొక్కడే. భయపడాల్సినోళ్లంతా శానా బాగుండారు."



"సోమవారం దాటితే వేరేవాళ్లకిచ్చేస్తారన్నా" అంది సాహితి మెల్లగా.

అన్సారన్న దానివైపు చూశాడు. "ఇంట్లో యాడ పెడ్తారు పాపా దీన్ని?"

"గోడలో, బండల అలమారాలో."

"పదండి, చూస్తా" అంటూ సంచి భుజాన వేసుకున్నాడు.

మా ఇంట్లో అన్నీ బండల అరలే. ఈ జిల్లాలో చెక్క కంటే బండే చవక. కంప్యూటరు కొన్నప్పుడు మా నాయన మేస్త్రీని పిలిచి, దాని కొలతకే ఒక అర కట్టించాడు. కింద బండ, పైన బండ, వెనక గోడ, పక్కన వేలు కూడా దూరదు. అన్సారన్న ఆ అరలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఇది అలమారా కాదు పాపా, పొయ్యి. దీంట్లో కార్డు పెట్టి నడిపితే పైబండ మీద దోసెలు పోసుకోవచ్చు."

"బండ కోయించాలా?" అన్నాను.

"బండ జోలికెందుకప్పా? పెట్టెనే బయటికి తెచ్చుకో."

కిటికీ పక్కన స్టూలు వేశాం. అన్సారన్న సంచిలోంచి బరువైన పవర్ సప్లై ఒకటి తీశాడు. "నా దుకాణంలో నేను వాడుకునేది. నాలుగేండ్లుగా చూస్తాండా దీన్ని." అంటే దుకాణంలోనే ఒప్పుకున్నాడన్నమాట. మాకు చెప్పలేదంతే.

దాన్ని బిగించాక కార్డు గాడిలో కూర్చుంది. "స్విచ్చి నువ్వే వెయ్యి పాపా" అని, తను గోడ ప్లగ్గు పట్టుకుని నిలబడ్డాడు, పొగ వస్తే పీకడానికి.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. అన్సారన్న మొహం పాలిపోయింది. ముక్కు ఎగబీలుస్తూ వాసన చూస్తున్నాడు. నేను "అయిపాయె" అనేశాను.

సాహితి వంగి పెట్టె వెనక్కి చూసింది. "అన్నా, మానిటర్ తీగ పాతచోటే ఉంది. కొత్త కార్డుకు పెట్టలేదు."

అన్సారన్న నుదురు కొట్టుకున్నాడు. తీగ మార్చగానే తెర వెలిగింది. సాహితి గీసిన ఇల్లు గిర్రున తిరిగింది, ఎక్కడా ఆగలేదు. అతను మాత్రం ఇంకో గంట కదల్లేదు. జ్వరం చూసినట్టు పెట్టె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

సాహితి ఆదివారమే పంపింది. కంపెనీవాళ్లు తీసుకున్నారు.

చివరిసారి అన్సారన్న నాకు బస్టాండులో కనిపించాడు, కడప బస్సు ఎక్కుతూ. "పాపకు పని వచ్చిందన్నా. మూడు వారాలుగా కార్డు బ్రహ్మాండంగా నడుస్తాండాది. ఇప్పుడన్నా ఒప్పుకో, మా పాతది తట్టుకునిందని!" అని అరిచాను.

మెట్టు మీదినుంచే వెనక్కి తిరిగాడు.

"ఇంకా ఏప్రిలే గదప్పా! మే నెల దాటనీ, అప్పుడొప్పుకుంటా."