మంచు చెరువు మీద లారీలు

ఒకప్పుడు ఉదయగిరి బస్టాండులో పెంచలప్రసాద్ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆత్మకూరు పోయే పల్లెవెలుగు బస్సుకు ఆయన కండక్టరు. బస్సు ఇంకా మలుపు తిరగకముందే మెట్ల మీద నిలబడి ఆయన కేక వేసేవాడు. ఆ కేక వినగానే టీ అంగట్లో కూర్చున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టి సంచులు అందుకునేవారు. ఆడవాళ్ళయితే ఆత్మకూరు బస్సు వచ్చిందని అనేవారు కాదు, ప్రసాదు బస్సు వచ్చిందనేవారు. డ్రైవరు సైమన్‌కు ఇది కొంచెం కంటగింపుగా ఉండేది. "తోలేది నేను, పేరు మాత్రం నీదా?" అని స్టీరింగు మీద చెయ్యి చరిచేవాడు. అలా దెప్పుకుంటూనే ఇద్దరూ ఒకే బస్సులో జుట్లు నెరిపించుకున్నారు, ఒకే ఏడాది రిటైరయ్యారు.

రిటైరైన కొద్దికాలానికే పెంచలప్రసాద్ గొంతు బొంగురుపోయింది. ఇన్నేళ్ళు మింగిన రోడ్డు దుమ్మేలే అనుకున్నాడాయన. దుమ్ము కాదన్నారు చెన్నైలో డాక్టర్లు. స్వరపేటిక మొత్తం తీసేస్తేనే మనిషి దక్కుతాడని చెప్పి, తీసేశారు. మెడ అడుగున చిన్న రంధ్రం మిగిలింది. ఊపిరి ఇక అందులోంచే.

ఆసుపత్రి నుంచి పంపేముందు ఒక డాక్టరమ్మ టార్చిలైటులాంటి పరికరం తెచ్చి, తన గొంతుకే ఆనించుకుని చూపించింది. అది జుమ్మని అదిరింది. పెదాలు కదిపితే ఆ అదురే మాటలుగా వచ్చింది. "మీరూ ఇలా మాట్లాడొచ్చు" అన్నదామె. పెంచలప్రసాద్ ఆ చప్పుడుకు వెనక్కి జరిగాడు. నాటకాల్లో రాక్షసుడికి కూడా అంతకంటే మంచి గొంతు ఉంటుందనిపించింది. ఆమె చేతిని మెల్లగా పక్కకు నెట్టేసి, అక్కర్లేదని తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చాక చేతికి పలక వచ్చింది. కానీ పలక మీద రాసి చూపించేలోగా మాట ఎటో వెళ్ళిపోయేది. భార్య చెంచులక్ష్మి కూరలో ఉప్పు సంగతి అడిగితే, ఆయన 'చాలు' అని రాసేసరికి ఆవిడ వీధిలో ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది. బస్టాండు వైపు పోవడం మానేశాడు. ఎవరైనా ఎదురై "ఏం ప్రసాదూ!" అని నోరారా పలకరిస్తే చెయ్యి ఊపడం తప్ప ఏమీ చేయలేక, ఆ దారే తప్పించుకు తిరిగాడు.

కూతురు సుస్మిత ఆత్మకూరులో ఒక ల్యాబులో పనిచేస్తుంది. తండ్రి గోడకేసి చూస్తూ కూర్చోవడం ఆ పిల్ల చూడలేకపోయింది. ఒక ఆదివారం పెద్ద టీవీ తెచ్చి ఆ గోడకే బిగించింది. "నాయనా, గోడను చూసేదానికి బదులు దీన్ని చూడు" అన్నది.

చెంచులక్ష్మి సీరియళ్ళలో ఏడుపులు ఆయన భరించలేకపోయాడు. రిమోటు నొక్కుతూ పోతే, అమెరికా ప్రోగ్రాములకు తెలుగు మాటలు పెట్టి వేసే చోటొకటి తగిలింది. అక్కడ ఆగాడు. మధ్యాహ్నం అన్నం తిని సైమన్ వచ్చేవాడు. తలుపు వారగా వేసుకుని ముగ్గురూ అమెరికాను చూడటం మొదలుపెట్టారు.

మొదట్లో అంతా వింతే. ఒక ప్రోగ్రాంలో నలుగురు స్నేహితులు సోఫాలో కూర్చుని ఏదో అంటారు, వెంటనే గుంపుగా నవ్వులు వినబడతాయి. సైమన్ టీవీ దగ్గరికి పోయి తొంగిచూశాడు.

"ఎవురబ్బా నవ్వతా ఉండేది? ఒక్క మనిషీ కనపడ్డే!"

పెంచలప్రసాద్ పలక అందుకుని 'దండగ' అని రాశాడు. నవ్వొస్తే మనం నవ్వుతాం కదా, మన తరఫున ఇంకెవరో నవ్విపెట్టడం ఏమిటని ఆయన కోపం.

ఇంకొక దాంట్లో బల్లనిండా బన్నులు పెట్టి, ఎవడు ముందు మింగుతాడా అని పోటీ. నమిలే పని కూడా లేదు, నీళ్ళలో ముంచి గొంతులోకి తోయడమే. ఆపరేషనయ్యాక గొట్టంతో గంజి తాగి బతికిన మనిషికి అది చూస్తే ఒళ్ళు మండిపోయింది. 'దండగ' కింద రెండు గీతలు గీశాడు. మరొక దాంట్లో ఒకే పెళ్ళికొడుకు, గదినిండా పెళ్ళికూతుళ్ళు. వారానికొకతెను కారెక్కించి పంపేస్తాడు. చెంచులక్ష్మి ముక్కున వేలేసుకుంది.

"ఆ పిల్లల తల్లులు చూస్తా ఊరుకుండారా? చీపురు తిరగేసేవాళ్ళు లేరా ఆడ?"

ఆవిడకు నచ్చింది ఇళ్ళు శుభ్రం చేసే ప్రోగ్రాం. ఇంటినిండా సామాను పేర్చుకుని, మంచానికి కూడా దారి లేకుండా చేసుకున్న మనుషుల దగ్గరికి వెళ్ళి, ఓపిగ్గా మాట్లాడి అవన్నీ తీయిస్తారు. అంత పెద్ద దేశంలో అంత ఒంటరిగా బతికేవాళ్ళు ఉంటారని ఆవిడ అనుకోలేదు. సైమన్‌కు మాత్రం కోర్టు ప్రోగ్రామే. ఒక ముసలి జడ్జి కేకలేసి అర్ధగంటలో తీర్పు చెప్పేస్తాడు. "అది ప్రోగ్రామంటే! మన దగ్గర మనవలకు మీసాలొచ్చినా తెగని తగువు, ఆయన టీ చల్లారేలోపల తెంచేస్తా ఉండాడు" అని మురిసిపోయేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం లారీల ప్రోగ్రాం వచ్చింది.

మొదట తెర అంతా తెల్లగా ఉంది. టీవీ చెడిపోయిందనుకున్నారు. తరువాత ఆ తెలుపులో ఒక నల్లచుక్క కదిలింది. చుక్క పెద్దదై లారీ అయింది. ఉత్తరాన ఎక్కడో పెద్ద చెరువు, చలికి మొత్తం గడ్డకట్టుకుపోయింది. అవతల ఉన్న ఊళ్ళకు వేరే దారి లేదు. చలికాలం ఉన్నన్నాళ్ళూ ఆ గడ్డ మీదుగానే లారీల్లో బియ్యం, మందులు, నూనె తోలుకుపోతారు.

"అబద్ధంరా!" అన్నాడు సైమన్. అన్నాడే గాని కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

అబద్ధం కాదు. లారీ పోతుంటే చక్రాల కింద గడ్డ పెళపెళమని పగులుతున్న చప్పుడు. డ్రైవరు బెల్టు పెట్టుకోలేదు. గడ్డ విరిగితే దూకాలి కదా. వేగంగా పోకూడదట. పోతే అడుగున నీళ్ళలో అల లేచి ముందున్న గడ్డను పగలగొడుతుందట. అందుకని పెళ్ళిబండి తోలినట్టు మెల్లగా తోలుతున్నాడు. సైమన్ కాలు తనకు తెలియకుండానే నేల మీద బ్రేకు నొక్కుతోంది.

పెంచలప్రసాద్ గబగబా రాసి చూపించాడు. 'సోమశిల డ్యాము నీళ్ళు గడ్డకడితే మన బస్సు తోల్తావా?'

"ప్రార్థన చేసుకొని తోల్తా" అన్నాడు సైమన్. "నువ్వు మాత్రం మెట్ల మీద నిలబడబాక."

ఆ రోజునుంచి ఆ ఇంట్లో వేరే ప్రోగ్రాం లేదు. నీళ్ళు మనిషిని మోయడమే గొప్ప అనుకుంటే, లారీని మోస్తున్నాయి! రాత్రిపూట ఆకాశంలో పచ్చటి వెలుగు చీర ఆరేసినట్టు ఊగుతుంటే, డ్రైవరు లారీ ఆపి దిగి టోపీ తీశాడు. చెంచులక్ష్మి కూడా కూర్చున్నచోటే చేతులు జోడించింది.

ఆ లారీలన్నిటికీ దారి చెప్పే మనిషి ఒకతె ఉంది. లొరెయిన్ అని పేరు. ముసలావిడ. ఒడ్డున రేకుల గదిలో వైర్‌లెస్ ముందు కూర్చుని, ఏ లారీ ఎక్కడుందో, గడ్డ ఎక్కడ పలచబడిందో చెబుతూ ఉంటుంది. తెలుగులో ఆమె మాటలు గలగలా వినిపించేవి. కానీ మాట్లాడేటప్పుడల్లా ఆమె ఎడమచెయ్యి మెడ మీదికి పోతోంది. చేతిలో ఏదో ఉంది. మెడకు ఎప్పుడూ ఒక రుమాలు. పెంచలప్రసాద్ లేచి టీవీకి అంగుళం దూరంలో నిలబడ్డాడు. తన మెడలో రంధ్రం మీద కట్టుకున్న గుడ్డను తడుముకున్నాడు.

ఆదివారం సుస్మిత రాగానే పలక చూపించాడు. 'ఆమె అసలు గొంతు కావాలి.'

"ఏందే అంటా ఉండాడు మీ నాయన?" అన్నది తల్లి.

సుస్మితకు అర్థమైంది. రిమోటు తీసుకుని తెలుగు మాటలు తీసేసి ఇంగ్లీషు పెట్టింది.

తుమ్మెదను ఇనుపపెట్టెలో వేసి మూత బిగించినట్టు ఒక చప్పుడు గదినిండా లేచింది. హెచ్చుతగ్గుల్లేవు, తీపి లేదు. అవతల మంచుతుఫానులో ఒక కుర్ర డ్రైవరు దారి తప్పాడు. ముందు అద్దం తప్ప ఏమీ కనబడటం లేదు, వాడి గొంతు వణుకుతోంది. లొరెయిన్ మాత్రం అదే ఒరవడిలో, తొందర లేకుండా, ఒక్కొక్క మాటే చెబుతోంది. సుస్మిత పక్కనే తెలుగులో చెప్పింది: "ఆపు. దిగబాక. నేనుండాను. ఇప్పుడు మెల్లగా ఎడమకు." వాడు "సరేనమ్మా" అన్నాడు. ఎడమకు తిప్పాడు. "ఇంకొంచెం." "సరేనమ్మా." అలా ఆ మరగొంతును పట్టుకుని, కళ్ళు లేనివాడు కర్ర పట్టుకుని నడిచినట్టు, వాడు ఒడ్డెక్కాడు.

సైమన్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "ప్రభువా, ఆ గొంతుతోనే!" అన్నాడు.

పెంచలప్రసాద్ మళ్ళీ వేయమని సైగ చేశాడు. మళ్ళీ విన్నాడు. ఎవరూ నవ్వలేదు ఆ గొంతుకు. ఎవరూ జాలి కూడా పడలేదు. చెప్పిన మాట విన్నారు, అంతే. చెన్నైలో తాను నెట్టేసింది ఇదేనా? రాక్షసుడి గొంతనుకున్నది, ఇంతమంది ప్రాణాలను మోసేదా? పలక మీద రాయబోతే బలపం విరిగింది. మిగిలిన ముక్కతో రాశాడు. 'నాక్కూడా.'

చెన్నై నుంచి పరికరం వచ్చింది గాని మాట వెంటనే రాలేదు. మెడ మీద సరైన చోటు దొరకాలి. కాస్త పక్కకు జరిగితే ఉత్త జుమ్మే. పెరట్లో, స్నానాలగది వెనక, ఎవరూ లేనిచోట చూసుకుని సాధన చేశాడు. 'ప' అంటే 'బ' అయ్యేది, 'హ' అసలు పలికేదే కాదు. గోడమీద పిల్లి పారిపోయింది, మళ్ళీ కొన్నాళ్ళకు అలవాటుపడి అక్కడే పడుకుంది.

ఒకనాటి ఉదయం చెంచులక్ష్మి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వెనకనుంచి వినబడింది.

"చెంచూ."

ఆవిడ చేట కింద పెట్టింది. "మళ్ళీ అను" అన్నది, తిరిగి చూడకుండానే.

"చెంచూ."

"ఇది నీ గొంతు కాదు" అన్నదావిడ. "పిలిచేది మాత్రం నువ్వే." అప్పుడు తిరిగింది. ఆవిడ ముఖంలో కన్నీళ్ళకంటే ఎక్కువగా ఆశ్చర్యమే ఉంది.

సైమన్ విన్నప్పుడు మాత్రం పగలబడి నవ్వాడు. "రోబోలాగుండావురా!" అని పొట్ట పట్టుకున్నాడు. పెంచలప్రసాద్ ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, పరికరం మెడకు ఆనించాడు.

"నవ్వు. ఆ నవ్వుల ప్రోగ్రాం నీకే సరి."

ఆపరేషన్ తరువాత ఇద్దరికీ అదే మొదటి పోట్లాట. అంతకుముందు పలక వల్ల సైమన్‌దే పైచేయిగా ఉండేది. ఇప్పుడు కోర్టు ప్రోగ్రాం గొప్పా, లారీల ప్రోగ్రాం గొప్పా అని వీధికి వినబడేలా వాదించుకున్నారు.

"ఆ జడ్జి గొప్పేంది?" అన్నాడు పెంచలప్రసాద్, ఒక్కొక్క మాటా విడదీసి. "ఇద్దురు కొట్లాడుకుంటే మనం చూసి సంబరపడేది. లారీల దాంట్లో ఎవురి మీదా ఎవురూ గెలవరు. అందురూ ఆ ఒడ్డుకు చేరితే చాలు."

"అయినా జడ్జి జడ్జేరా" అని గొణిగి సైమన్ టీ అందుకున్నాడు.

తరువాత ఆత్మకూరులో డాక్టరుకు చూపించుకోడానికి ఇద్దరూ బస్సెక్కారు. కండక్టరు కొత్తవాడు. పెంచలప్రసాద్ పరికరం తీసి "రెండు ఆత్మకూరు" అనగానే బస్సంతా వెనక్కి తిరిగింది. ఎవరో పిల్ల తల్లి చాటున దాక్కుంది. పక్కసీట్లో అనంతసాగరం పోయే ముసలమ్మ ఒకతె ఆయన మెడకేసి వంగి చూసింది.

"ఏందయ్యా అది, ఫోనా?"

"గొంతు."

"గొంతా! ఎవురిచ్చినారు?"

"అమెరికాలో ఒకామె ఉండాది. మంచులో లారీలు తోలిస్తాది."

"మంచులోనా? చెప్పు చెప్పు" అని ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుని సర్దుకు కూర్చుంది. ఆయన చెప్పాడు. బస్సు రొదలో సగం మాటలు పోయాయి. పోయినవాటిని సైమన్ అందించాడు. దిగేటప్పుడు ఆ ముసలమ్మ, "నీళ్ళు రాయైనప్పుడు ఇనుము మాట్లాడితే తప్పేముంది" అని ఆయన భుజం తట్టి వెళ్ళింది.

ఆ తరువాతి నెలలో చెంచులక్ష్మి చెల్లెలి ఇంటికని వరికుంటపాడు పోయింది. ఆపరేషన్ అయ్యాక భర్తను వదిలి ఊరుదాటడం అదే మొదలు. సాయంత్రం ఫోను మోగింది. ఇన్నాళ్ళూ మోగే ఫోనును ఆయన ఊరికే చూస్తూ ఉండేవాడు, పలకను ఫోనులో చూపించలేడు కదా. ఈసారి ఎత్తాడు.

"చెప్పు" అన్నాడు.

"అన్నం తిన్నావా?" అన్నదావిడ.

"తిన్నాను. నువ్వు లేనప్పుడు చూడు, కొత్తది వేసినారు. పెద్ద లారీ. గడ్డ విరిగింది."

"అయ్యో! మనిషి?"

ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ముందు చక్రం ఎలా దిగబడిందో, డ్రైవరు తలుపు తెరిచి ఎటు దూకాడో, లొరెయిన్ ఏమన్నదో మెల్లగా, వరసగా చెప్పుకుపోయాడు. ఫోనులో ఆవిడ ఊపిరి తప్ప చప్పుడు లేదు. ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకుందామని ఆగాడు. అవతల చెంచులక్ష్మి గొంతు కాదు, ఇంకెవరిదో, మరదలిదో పక్కింటావిడదో, ఆత్రంగా వినబడింది.

"ఆగినాడేందే? అడుగు, తర్వాత ఏమైందంట?"