ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో పాస్టరుగారి ఇల్లు

కాలేజీలో ఏళ్ల తరబడి ఇంగ్లండు చరిత్ర చెప్పాను. నడుమ సంత, పక్కన చర్చి, దాన్నానుకుని పాస్టరుగారి ఇల్లు. అలాంటి ఊళ్లను పుస్తకాల్లో తప్ప చూడలేదు. 2011 వసంతంలో ఆష్‌బర్న్‌లో ఉంటున్న మా అమ్మాయితో ఆ మాటంటే, "దానికి ఇంగ్లండు దాకా ఎందుకమ్మా? ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్లు. ఇంగ్లీషువాళ్లు వచ్చి కట్టుకున్న ఊరే. ట్రైన్ నేను బుక్ చేస్తా" అంది. పక్కవీధిలో కొడుకు దగ్గరుంటున్న వరంగల్ సరోజినిగారు తోడు వచ్చారు. పిల్లలు వెంట లేకుండా మేమిద్దరం ఈ దేశంలో గడప దాటడం అదే మొదలు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి అమ్మాయి మమ్మల్ని అలెగ్జాండ్రియాలో రైలెక్కించింది. దారిలో చాలాసేపు చెట్ల సందుల్లోంచి పొటోమాక్ నది కనిపించింది. ఎదురు సీట్లోని నల్లజాతి పెద్దావిడ మా చీరలు చూసి మురిసిపోయి, "స్టేషన్ మెట్లు దిగి నడవండి. పాత ఊరు అక్కడే" అని చెప్పింది.

ఎర్ర ఇటుకల ఇళ్లు, వీధిలోకి దిగే రాతిమెట్లు, పాత టౌన్ హాల్ వెనక ఒకప్పుడు సంత జరిగిన ఆవరణ. అన్నీ తిరిగి చూసేసరికి పన్నెండయింది. ఒక చర్చి పక్కన తెల్లటి చెక్క ఇల్లుంది. పాస్టరుగారి నివాసమని గుమ్మం మీద రాసుంది. ఫోటో తీస్తుంటే సరోజినిగారు కంచె పట్టుకుని నిలబడిపోయారు. మొహమంతా చెమట.

"కండ్లు తిరుగుతున్నయ్ వదినా. శనివారం ఒక్కపొద్దు ఉన్న. పొద్దుగాల షుగర్ గోలీ ఏస్కున్న."

వీధిలో మనిషి లేడు. ఆవిణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి తలుపు దబదబా బాదాను. చేతులకు పిండితో ఒక తెల్లజుట్టావిడ, పాస్టరుగారి భార్య, తలుపు తీసింది. "లో షుగర్" అన్నాను. మేమెవరమని అడగలేదు. ఇద్దరం కలిసి సరోజినిగారిని ముందుగదిలోకి చేర్చాం. ఆ ఇంటావిడ నారింజరసం తెచ్చి పెదవులకు పట్టింది. సరోజినిగారు తల అడ్డంగా ఊపారు.

"పండ్లరసమేగా, స్వామి ఏమీ అనుకోడు, తాగండి!" అని గదిమాను.

"స్లోలీ, హనీ" అంటూ ఆవిడ గుక్కగుక్కగా తాగించింది. పావుగంటకి సరోజినిగారి మాట తేటపడింది. నాకప్పుడు ఏడుపొచ్చింది.

తరవాత ఆవిడ ఇల్లంతా చూపించింది. వెడల్పాటి చెక్కల నేల, గదిగదికీ చలిమంట వేసుకునే నిప్పుగూడు, బయటి చెట్లను అలలుగా చూపించే పాత కిటికీ అద్దాలు. "ముందుగదికి మేమెప్పుడూ తాళం వెయ్యం. ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉంటారు" అంది.

భోజనాలవేళకు పాస్టరుగారొచ్చారు. మేము కట్టుకెళ్లిన పులిహోర తిని, కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ వడ్డించుకున్నారు. సరోజినిగారికి అరటిపండు, పాలు ఇచ్చారు. సాయంత్రం ఆయనే స్టేషన్‌కి తీసుకొచ్చి, వద్దన్నా వినకుండా రైలు కదిలేదాకా నిలబడ్డారు.

ఆ ఊరెళ్లేవాళ్లు ఒక రోజంతా ఉంచుకోండి, చూడవలసినవి చాలా ఉన్నాయి. మేము సగం కూడా చూడలేదు. అది నాకేమీ లోటుగా అనిపించలేదు.

"ఎవలో ఏమో, కన్నతల్లి లెక్క తాపింది" అంటూ సరోజినిగారు రైల్లో నా చెయ్యి పట్టుకుని నిద్రపోయారు. అలెగ్జాండ్రియా వచ్చేదాకా ఆ వెచ్చటి చేతిని నేను కదిలించలేదు.