మూడు సంస్కారపు ఆదివారాలు

గత వారం మా సంఘం వారి ఆహ్వాన పత్రిక అందింది. ప్రార్థన మందిరానికి కప్పు వేసి పాతికేళ్లు నిండిన సందర్భంగా కృతజ్ఞతారాధన జరుపుతారట. నాలుగో పేజీలో తొలి సభ్యుల పేర్లు అచ్చువేశారు. కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివాను. ఆ కప్పు వేసిన మేస్త్రి పేరు అందులో లేదు. ఆనాటి సంఘ కార్యదర్శిని నేనే కనుక, నా పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు ముందుగా ఇక్కడ పెడుతున్నాను.

1998 ఫిబ్రవరి, మొదటి ఆదివారం: మేస్త్రి సంస్కారానికి గైర్హాజరు.
మార్చి, మొదటి ఆదివారం: గైర్హాజరు.
ఏప్రిల్, మొదటి ఆదివారం: గైర్హాజరు.
మే, రెండవ శనివారం: పెద్దల కమిటీ తీర్మానం. వరుసగా మూడు సంస్కారాలకు రానందున సభ్యుల పట్టీ నుంచి పేరు తొలగింపు.
ఆగస్టు: ఆ తొలగింపును ప్రశ్నిస్తూ నా మొదటి ఉత్తరం. జవాబు లేదు.
1999 జనవరి: రెండవ ఉత్తరం. జవాబు లేదు.

తెలియనివారికి చెప్పాలి. నెలకొకసారి, మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధననే మేము సంస్కారం అంటాం. వరుసగా మూడింటికి రానివాడు సంఘానికి దూరమైనట్టే అన్నది మా నియమం. ఆ నియమానికి ఆధారం హాజరు పుస్తకం. ఆ పుస్తకం రాసింది నేను. లింగంపల్లి దగ్గరి కర్మాగారంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. గీత వంకర పోతే పేజీ మార్చి మళ్లీ రాసే అలవాటు. నా పుస్తకాన్ని చూసి పాస్టరుగారు ఎన్నోసార్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఈ వయసులో దాచవలసిన అవసరం లేదు.

మాదాపూర్ గుట్టలను పేల్చి అద్దాల మేడలు లేపుతున్న కాలమది. మధ్యాహ్నం పూట దూరంగా ధడేలుమనేది. కాసేపటికి కిటికీల మీద సన్నని తెల్లటి దుమ్ము వాలేది. మా సంఘంలో సగంమంది కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లం, సగంమంది ఇక్కడివాళ్లే. మేస్త్రి ఇక్కడివాడు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు. వారమంతా ఆ మేడలకు స్లాబులు పోయించేవాడు. మందిరానికి గోడలు లేచి, కప్పు లేక, మేము పక్కనున్న రేకుల షెడ్డులో ఆరాధించుకుంటున్న రోజుల్లో, "కప్పు పని నాకొదిలెయ్యుర్రి" అన్నది అతనే.

మార్చి నెలాఖరున మాదాపూర్ పనిలో పరంజా విరిగి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిన్నది. కాళ్లు ఇక లేవలేదు. నెలన్నర దవాఖానలో ఉండి ఇంటికి వచ్చాక మంచమే లోకమైంది. మా పెద్దలు అతన్ని ఆదరించడానికి వెళ్లారు. ఆ ఆదరణ ఎటువంటిదో నేను కళ్లారా చూశాను. ప్రార్థన ముగిశాక, హెడ్మాస్టరుగా రిటైరైన ఒక పెద్దాయన కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, "ఏదో దాచిన పాపం ఉండే ఉంటుందయ్యా. ఆదివారాలు పనికి పోతివి. ఒప్పేసుకుంటే మేలు" అన్నారు.

మేస్త్రి భార్య చాయ్ గ్లాసులు కింద పెట్టి నిలబడింది. "సారూ, ఒప్పుకుంటడు. మీరు గుడ ఒప్పుకోర్రి. మీ పెరట్ల గోడ ఒరిగిందని ఆదివారం పొద్దుగాల మనిషిని తోలింది మీరు గాదా? ఉరికొచ్చి నిలబెట్టింది ఈయన గాదా?"

పెద్దాయన చాయ్ తాగకుండానే లేచారు. ఆమెకు నోరు ఎక్కువని దారిలో నాతో అన్నారు. నేను తలూపాను. ఆ తలూపడం ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, రాసుకోవలసింది.

అప్పటినుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక్కణ్ణే వెళ్లేవాణ్ణి. వాక్యం చదివి ప్రార్థన చేసేవాణ్ణి. నాలుగు వారాలు ఓపిక పట్టి, అయిదో వారం మేస్త్రి నవ్వాడు. "అన్నా, ఏమనుకోకు. నీ ప్రార్థన అర్జీ లెక్కుంటది. పైన నంబరొక్కటే తక్కువ. జర ఊకె కూసో, చాలు."

ఊరికే కూర్చోవడం నాకు చేతనైన పని కాదు. అయినా నేర్చుకున్నాను. అతను కళ్లు మూసుకుని పాట సన్నగా అందుకునేవాడు, భార్య బియ్యం ఏరుతూ గొంతు కలిపేది. నా విశ్వాసం ఆ రోజుల్లో బాగా సన్నగిల్లింది. నిలబెట్టింది నా చదువు కాదు, ఆ ఇద్దరి పాట. ఓదార్చడానికి వెళ్లినవాణ్ణి ఓదార్పు పొంది వచ్చేవాణ్ణి.

పట్టీలోంచి పేరు తీసేసిన సంగతి అతనికి ఎవరో చెప్పారు. ఒక శనివారం నన్నే అడిగాడు. "అన్నా, ఈడ కొట్టేసిన పేరు పైన గుడ కొట్టేస్తరా?"

"పైన రాసేది నాలాంటి గుమాస్తా కాదు తమ్ముడూ" అన్నాను.

"అయితే ఆడ ఫికర్ లేదు. ఈడనే ఉన్నది పరేషాన్. మా అమ్మ మన సమాధుల తోటల ఉన్నది. ఆమె పక్కన జాగ కావాలె. పేరు లేనోనికి ఇస్తరా?"

ఇవ్వరు. ఆ నియమం కూడా నా చేతిరాతలోనే ఉంది.

జూలైలో గట్టి వాన పడింది. ఆ శనివారం నేను గడప దాటకముందే, "కప్పు కారుతుందా అన్నా?" అని అడిగాడు. చుక్క కూడా రాలేదన్నాను. "ఎట్లొస్తది? శనివారం కాంక్రీటు కలిపే మిల్లరు ఆగిపాయె, ఆదివారం పొద్దుగాల మల్ల నడిచె. నడుమల ఆపితే అతుకుల నీళ్లు దిగుతయని మిగిలిందంత నిలబడి పోయించిన. కింద మీరు పాట పాడుతుంటే మిల్లరు మోతల ఒక్క ముక్క ఇనరాలే" అన్నాడు, ఆ పాట తప్పిపోయినందుకు ఇప్పటికీ బాధపడుతున్నట్టు.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. ఆ ఆదివారం ఫిబ్రవరి మొదటి ఆదివారం. మేము షెడ్డులో రొట్టె విరుస్తున్నప్పుడు, నాలుగు బారల దూరంలో మా మందిరం మీద నిలబడి ఉన్న మనిషికి నేను గైర్హాజరు వేశాను. మోత విన్నాను, విసుక్కున్నాను, గీత తిన్నగా గీశాను. మార్చిలో అతను మాదాపూర్ స్లాబు మీద ఉన్నాడు. ఏప్రిల్‌లో దవాఖాన మంచం మీద ఉన్నాడు. మూడు గీతలనూ కమిటీ ముందు గొంతు సవరించుకుని చదివి వినిపించింది నేను. ఒక్కరైనా "ఎందుకు రాలేదు?" అని అడగలేదు. పుస్తకంలో ఆ గడి లేదు.

ఆగస్టులో ఉత్తరం రాశాను. రాతలో జవాబు రాలేదు, "పాతవి తవ్వకండి" అని నోటిమాటగా మాత్రం చెప్పారు. జనవరిలో మళ్లీ రాసి, కార్యదర్శి పదవి వదులుకున్నాను. సంఘం వదల్లేదు, కమిటీ మీది కోపం దేవుడి మీద చూపించడం న్యాయం కాదు. మేస్త్రి ఈనాటికీ నల్లగండ్ల దారిలో అదే ఇంట్లో ఉన్నాడు. ఇన్నేళ్లలో నేను వెళ్లని శనివారాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కనుక ప్రస్తుత కమిటీవారిని ఇందుమూలంగా కోరుతున్నాను. ఒకటి, 1998 మే తీర్మానం తప్పుడు నమోదు మీద జరిగిందని అంగీకరించి, నమోదు చేసినవాడిగా నా పేరు కూడా చేర్చి రద్దు చేయాలి. రెండు, అతని పేరు పట్టీలో తిరిగి రాయాలి. మూడు, అతని తల్లి పక్కనున్న స్థలం అతనిదేనని తెలపాలి. జవాబు రాతపూర్వకంగా, సంతకంతో, కృతజ్ఞతారాధనకు ముందే అందాలి. నాకు ఎనభై దాటాయి, అతనికి డెబ్బై నిండాయి. కాలం అన్ని తప్పులనూ మాన్పుతుందంటారు గాని, నేను చూసినంతలో అది సాక్షులను మాత్రమే ఒక్కొక్కరిగా పంపించివేస్తుంది.